పందొమ్మిదో వరస

సెప్టెంబరు 14, ఆదివారం

నెల్లూరు పోయి వచ్చాను. అమ్మకి ఫ్యాక్టరీలో ఓవర్‌టైం అని చెప్పాను. వారానికి ఉన్న ఒక్క సెలవునీ ముక్కూమొహం తెలియని వాళ్ళ కంప్యూటర్ మీటింగుకి తగలేస్తున్నానంటే చీపురు తీస్తుంది.

ట్రంకురోడ్డు పక్క సందులో బియ్యం కొట్టు, దాని పైన ట్యూషన్ గది. ఇరవై మంది ఉంటారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన విజయభాస్కర్ గారు నడుపుతారు. ప్రతి నెలా రెండో ఆదివారం, పదకొండేళ్ళుగా. టికెట్టు లేదు, చేరినట్టు సంతకం లేదు. ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని ఒక్కరూ అడగలేదు. "కూర్చోమ్మా, ఫ్యాను కింద కూర్చో" అన్నారంతే.

ఈ ఫోనులో, బ్యాంకులో, రైల్వే స్టేషను బోర్డులో నడిచేవాటిలో సగం ఎక్కడో ఎవరో రాసి, ఇదిగో తీసుకోండి అని వదిలేసిన ప్రోగ్రాములేనట. చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. కొన్నిటికి ఒకటే షరతు, నువ్వు మార్చి పంచితే ఆ మార్పుని దాచుకోకూడదు. బీఎస్సీ కంప్యూటర్స్ మూడేళ్ళు చదివాను. ఈ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పినప్పుడు నేను నిద్రపోతుండి ఉంటాను.

ఒకావిడ లేచి అలాంటి ప్రోగ్రాంలో తను మార్చిన ఒక్క వరస చూపించింది. ఒకే ఒక్క వరస. అది ఇప్పుడు లక్షల ఫోన్లలో ఉందట. ఆవిడ కావలి నుంచి బస్సులో వచ్చింది, చేతిలో కూరగాయల సంచీ ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ ఈ బుక్కు చదివేదెవరు.

సెప్టెంబరు 15

పది గంటలు నిలబడి బూట్లు చూశాను. ఎడమ, కుడి, ఎడమ, కుడి. కుట్టు బాగుంటే అటు, లేకపోతే ఇటు. మనసు మాత్రం ఆ గదిలోనే ఉంది.

సెప్టెంబరు 28, ఆదివారం

ముత్యాలయ్య తాతకి రెండో కంటి ఆపరేషన్ కూడా సరిగా రాలేదు. మా పాళెంలో వంతుల పుస్తకం ముప్పై ఏళ్ళుగా ఆయన దగ్గరే ఉంది. "ఏందో మీటింగులకి పోతుండావంటనే. ఇది నీ ఫోన్లో ఎక్కియ్యి మే, నాకు అచ్చరం ఆనడంలా" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. ఓవర్‌టైం గుట్టు రట్టయింది. చీపురు తియ్యలేదు, పెద్దలు అడిగిన పని కదా.

ప్రోగ్రాంతో పాటు, ఏమీ తెలియని వాడికి కూడా అర్థమయ్యేలా ఒక పేజీ రాసిపెట్టుకోవాలి అన్నారు విజయభాస్కర్ గారు. రాశాను:

"మా సరస్సు సముద్రంలో కలిసే చోట రొయ్య వచ్చే దోవ ఒక్కటే. అక్కడ రోజుకి ఒక ఇల్లే వల కట్టాలి. నలభై ఒక్క ఇళ్ళు. నలభై ఒక్క రోజులకి ఒక చుట్టు. తన రోజు కానివాడు ఆ చోటుకి పడవ కూడా తిప్పడు. ఇంటి మగవాడి పేరు మీద వంతు ఉంటుంది. అతను పోతే ఏడాది తిరిగేదాకా పుస్తకంలో పేరు మార్చరు. ఆ ఇంటి వంతుకి భార్య తరఫున ఎవరైనా వల కట్టి పెడతారు."

రాశాక చదువుకుంటే మా ఊరు నాకే కొత్తగా కనబడింది. నాయన తాతల కాలం నుంచి ఉందిది. చట్టమని రాసిన కాగితం ఒక్కటి లేదు, పోలీసు లేడు, తప్పినవాడు లేడు.

ఆఖరి వాక్యం పక్కింటి కామమ్మత్త కోసమే రాశాను. చిన్నపోలయ్య మామ ఆగస్టులో పోయాడు. ఆమె తమ్ముడు వచ్చి వల కడతాడు.

అక్టోబరు 5

పేర్లన్నీ ఎక్కించాను. మొదటిసారి కొన్ని పేర్లు రెండేసి సార్లు పడ్డాయి. ఒకే పేరు రెండోసారి వస్తే తీసిపారేసే వరస ఒకటి మీటింగులో నేర్చుకున్నాను, అది పెట్టాను. తర్వాత తాత పక్కన కూర్చుని, ఆయన చెబుతుంటే నలభై ఒక్క వరసలూ మళ్ళీ సరిచూశాను. ఆ తీసేసే వరసని అలాగే ఉంచాను, జాగ్రత్తకి.

తాత పుస్తకం చూడకుండానే చెప్పాడు. ఒక్క చోట కూడా తడుముకోలేదు.

అక్టోబరు 12, ఆదివారం

నా ప్రోగ్రాం చూపించాను. వంతుల సంగతి చెబుతుంటే విజయభాస్కర్ గారు కళ్ళజోడు తీసేసి విన్నారు. "అమ్మా భానుప్రియా, మేం పదకొండేళ్ళుగా ఈ గదిలో చెప్పుకుంటున్నది మీ వాళ్ళు నీళ్ళమీద చేస్తున్నారే" అన్నారు. ఎవరి సొత్తూ కానిదాన్ని అందరూ కాపాడుకోవడం గురించి ఆయన అన్నమాట అది. చప్పట్లు కొట్టారు. నా జన్మలో ఎవరైనా నాకు చప్పట్లు కొట్టడం ఇదే మొదలు.

ఫ్రెడ్డీ అన్నా అని ఒకతను, బెంగుళూరు కంపెనీకి ఇక్కడ్నుంచే పనిచేస్తాడు. ఫోన్ నంబర్లు వేరేచోట దాయించి, మిగతాదంతా అందరికీ కనబడేలా నెట్లో పెట్టించాడు. నా పేరు, మా పాళెం పేరు. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. ఎవరు చూస్తారులే.

అక్టోబరు 24

రేపటి నుంచి కొత్త చుట్టు, నా ప్రోగ్రాంతో. ఇదివరకు సాయంత్రం తాత వీధిలో నడుస్తూ "రేపు ఫలానా వాళ్ళదే" అని కేకేసేవాడు. ఇప్పుడు వంతు ఎవరిదో ఆ ఇంటికి మాత్రం మెసేజ్ పోతుంది. మొదటి మెసేజ్ సరిగ్గా నాలుగింటికి పోయింది. "నా గొంతుకి సెలవిచ్చినావు" అన్నాడు తాత. సంతోషంగానే అన్నాడు.

నవంబరు 9, ఆదివారం

ఈరోజు ఫ్రెడ్డీ అన్న మాట్లాడాడు. రాయకపోతే నిద్రపట్టదు.

చూపులేని వాళ్ళకి తెర మీద అక్షరాలు చదివి వినిపించే ఉచిత ప్రోగ్రాం ఒకటుందట. దానికి తెలుగు బాగుచేద్దామని ఈయన ఒక మార్పు చేశాడు. దానితో తెలుగు అంకెలన్నీ మూగబోయాయి. తొమ్మిది రోజులు. కడప వైపు ఒక టీచరమ్మ, చూపు లేదు, "నిన్నటిదాకా పిల్లల మార్కులు వినపడేవి, ఇవాళ వినపడటం లేదు" అని రాసింది. ఆ ఉత్తరం, ఈయన చేసిన తప్పు వరస, తేదీ, టైము, ఈయన పేరు, అన్నీ ఇంత పెద్ద తెర మీద వేశాడు. వేసి, "ఇది నేనే చేశాను. ఎందుకు చేశానో చెబుతాను, మీరు చెయ్యకుండా ఉంటారు" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ప్రశ్నలడిగారు. ఆ తప్పు ఇప్పటికీ నెట్లో అలాగే ఉంటుందట, సరిచేసినదాని పక్కనే, ఎప్పటికీ. ఎవరూ చెరపరు.

ఇంత నిబ్బరం మనిషికి ఎక్కడ్నుంచి వస్తుంది? మా ఫ్యాక్టరీలో ఒక జత తప్పు పోతే పక్క లైను మీదికి తోసేస్తాం. ఇంట్లో కూర మాడితే గ్యాసు మంచిది కాదంటాం. నేనైతే చచ్చినా చెప్పేదాన్ని కాదు. ఆయన టీ తాగుతుంటే దూరం నుంచి చూస్తూ ఉండిపోయాను.

నవంబరు 13

పొద్దున బస్సు దగ్గర కామమ్మత్త కనబడింది. రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరిందట. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రోజంతా ఒలవాలి. "ఇంట్లో కూచోని ఏం జేస్తా గానీ" అంది. మంచి పని చేసింది. మామ పోయిన దిగుల్లోంచి బయటపడుతోంది. ధైర్యం గల మనిషి.

నవంబరు 21

నిన్న అమావాస్య, వంతు మాది! అమావాస్య పోటుకి రొయ్య తోసుకొస్తుంది కదా. నాయన వల ఎత్తలేక ఇంకో ఇద్దర్ని పిలిచాడు. ఏడు గంపలు. ఆరేళ్ళయిందట మా ఇంటికి అమావాస్య పడి. మా నాయన ఓబయ్య నవ్వితే పళ్ళు కనబడతాయని ఇవాళే తెలిసింది. "నీ ఫోను చేతిచలవ మే" అన్నాడు.

అమ్మ కామమ్మత్తకి గిన్నెడు రొయ్యలిచ్చింది. ఆమె రెండు చేతులా అందుకుని, "ఈ ఏడు బాగా పడిందే ధనలక్ష్మీ మీకు" అంది. చేతివేళ్ళు పాలిపోయి ఉన్నాయి.

డిసెంబరు 3

చుట్టు ఇవాళ్టితో అయిపోయింది. రేపటిదాకా ఉండాలి కదా అనిపించింది. అక్టోబరుకి ముప్పై ఒకటి కదా, అక్కడెక్కడో ఒక రోజు అటూ ఇటూ. సరిగానే ఉంది.

డిసెంబరు 5

స్పెయిన్ నుంచి ఒకామె రాసింది! నాకు! నా ప్రోగ్రాం కింద, అందరికీ కనబడేలా. పేరు పిలార్. వాళ్ళది కొండమీద చిన్న ఊరట. కాలవ నీళ్ళకి ఇంటింటికీ వంతులట, తాతల కాలం నుంచి. "ఇలాంటిది మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా లేదనుకున్నాను. సముద్రం పక్కన మీరున్నారు. మా కాలవ వంతులకి మీ ప్రోగ్రాం వాడుకుంటాం" అని రాసింది. నేను ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఒకరి ఊరు ఒకరికి తెలియదు, భాష తెలియదు, అక్కడ నీళ్ళు, ఇక్కడ రొయ్యలు. అదే వంతు.

కింద ఇంకో మాట ఉంది. "మీ అక్షరాలు నాకు చదవడం రాదు. కానీ వరసలు లెక్కపెట్టాను. లోపలికి నలభై ఒకటి పోతున్నాయి, బయటికి నలభై వస్తున్నాయి. తొమ్మిదో వరస, పందొమ్మిదో వరస నా కంటికి ఒకేలా ఉన్నాయి. ఒకసారి చూస్తారా?"

డిసెంబరు 6

చూడలేదు. షిఫ్టు ఆలస్యమైంది.

డిసెంబరు 7

తలనొప్పి. ఆమెకి తెలుగు రాదు కదా, ఏం తెలుస్తుంది.

డిసెంబరు 8

చూశాను.

తొమ్మిది, పామంజి చిన్నపోలయ్య. పందొమ్మిది, పామంజి చిన్నపోలయ్య.

మేం ఒకరిని పడవ చిన్నపోలయ్య అంటాం, ఒకరిని మెట్ట చిన్నపోలయ్య అంటాం. అన్నదమ్ముల పిల్లలు, ఇద్దరికీ ఒకే తాత పేరు. పాళెంలో చంటిబిడ్డకి కూడా తెలుసు ఇద్దరని. పుస్తకంలో మాత్రం ఇంటిపేరు, పేరు, అంతే. ప్రోగ్రాంకి ఇద్దరూ ఒకడే. జాగ్రత్తకని ఉంచిన నా వరస రెండోవాడిని తీసిపారేసింది.

మెట్ట చిన్నపోలయ్య కామమ్మత్త భర్త.

డిసెంబరు 10

ఆ వరస తీసేశాను, నలభై ఒకటీ వస్తున్నాయి. ఈ చుట్టులో కామమ్మత్తకి ఇరవై రెండో తేదీ వస్తుంది. అంటే ఏమీ పోలేదు, ఒక్కసారి తప్పింది, అంతే. ఆమె కూడా అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే చూసేదాన్ని. అడగలేదంటే ఆమెకి అంత పట్టింపు లేదన్నమాట. తమ్ముడికి కూడా తీరిక ఉండి ఉండదు.

ఏం మార్చావో రాయమని సైటు అడుగుతుంది. "చిన్న సవరణ" అని రాశాను.

డిసెంబరు 11

లెక్క వేశాను. ఆమెని తీసేయడంతో వెనకున్న వాళ్ళందరూ ఒక రోజు ముందుకి జరిగారు. మా అసలు వంతు నవంబరు ఇరవై ఒకటి. అమావాస్య మాది కాదు.

డిసెంబరు 14, ఆదివారం

మీటింగు. స్పెయిన్ ఊరు మన భానుప్రియ ప్రోగ్రాం వాడబోతోందని విజయభాస్కర్ గారు అందరికీ చెప్పారు. లేచి నిలబడమన్నారు, నిలబడ్డాను. పోయినసారి కంటే గట్టిగా కొట్టారు చప్పట్లు. ఫ్రెడ్డీ అన్న "ఆమె పట్టుకున్న తప్పు ఏంటి?" అని అడిగాడు. "చిన్నదే అన్నా" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. అదే ఇబ్బందిగా ఉంది.

తిరుగు రైల్లో ఫోను చూస్తే పిలార్ జవాబు. "సరిచేసినందుకు కృతజ్ఞతలు. ఒక్క సంగతి అడగాలనిపించింది. ఎవరిదైనా వంతు పోయిందా?"

ఎక్కడో కొండమీద ఉన్న మనిషి. ఆ అక్షరాలు పేర్లో కావో కూడా ఆమెకి తెలియదు. అయినా వాటి వెనకాల ఒక మనిషి ఉంటుందని ఆమెకి తోచింది. ఆ మనిషి గోడ అవతల ఉంటే నాకు తోచలేదు. కాదు, అబద్ధం, ఎనిమిదో తేదీ నుంచీ తెలుసు. పాలిపోయిన వేళ్ళు చూసినరోజే తెలిసి ఉండాల్సింది.

సూళ్ళూరుపేట దాకా ఏడ్చాను. ఎదురు సీట్లో ఆమె మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

డిసెంబరు 15

నాయనకి చెప్పాను. వల బాగుచేస్తున్నాడు. చెయ్యి ఆగలేదు. మొత్తం విని, "ఏడు గంపలూ తినేసినామే" అన్నాడు.

కోప్పడి ఉంటే బాగుండేది.

డిసెంబరు 16

తాత దగ్గరికి పోయాను. పిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాను. "నేను కేకేస్తా ఉంటే పందొమ్మిదో నాడు ఊరే నన్ను నిలేసుండును, మెట్టోడి ఇల్లు యాడబోయిందిరా అని" అన్నాడు. ఎవరి ఫోను వాళ్ళది అయ్యాక పక్కింటి వంతు ఎవరికీ వినపడలేదు. ఇది నేను కనిపెట్టినదే, మెచ్చుకుని చప్పట్లు కొట్టించుకున్నదే.

రేపు సాయంత్రం వలల పందిట్లో అందర్నీ కూడమని తాత కబురు పంపాడు. "చెప్పేది నువ్వే మే. నేను చెప్పను" అన్నాడు.

డిసెంబరు 17

షిఫ్టు నుంచి నేరుగా పోయాను. మగవాళ్ళు కూర్చున్నారు, ఆడవాళ్ళం పందిరి అంచున నిలబడ్డాం. ఆడది లేచి మాట్లాడటం నేను చూడలేదు. ఫ్రెడ్డీ అన్న ఎలా నిలబడ్డాడో గుర్తు తెచ్చుకున్నాను. రెండు చేతులూ కిందికి వదిలి నిలబడ్డాడు. అలాగే నిలబడ్డాను.

"ఇది నేనే చేశాను" అని మొదలుపెట్టాను. తొమ్మిదో వరస, పందొమ్మిదో వరస, చూసి కూడా పది రోజులు దాచింది, అమావాస్య మాకు రావడం, అంతా చెప్పాను. స్పెయిన్ ఆమె సంగతి కూడా చెప్పాను.

తాత అడిగాడు, "కామమ్మా, నీ వంతు రాలేదని నీకు తెలవదా? అడగబళ్ళా?"

కామమ్మత్త షెడ్డు నుంచి వచ్చిన చీరతోనే ఉంది. "తెలుసు" అంది. "ఆ రోజు మా తమ్ముడు వల తెచ్చుకోనొచ్చి కూచున్నాడు. మెసేజు రాలా. నేనే ఇంటికి బొమ్మన్యా."

"మరి?"

"ఆయన పోయినాడు గదా. ఇంక మాకు లేదని ఊరు అనుకున్నిందేమో అనుకున్యా. అందరూ కలిసి అనుకుంటే ఎవర్ని అడగాల?"

నలభై ఇళ్ళవాళ్ళు కూర్చున్నారక్కడ. ఒక్కరి తల పైకి లేవలేదు. అయిదు వారాలు ఆమె మమ్మల్నందర్నీ అలా అనుకుంటూనే మాతో నవ్వింది, మా ఇంటికొచ్చింది, మేమిచ్చిన రొయ్యలు రెండు చేతులా అందుకుంది. ప్రపంచమంతా పంచుకునే ప్రోగ్రాములు చూసి ఒళ్ళు జలదరించిందని రాసుకున్నాను. ఈ మనిషి ముందు నాకు నిలబడటమే రాలేదు.

నాయన లేచాడు. "ఈ చుట్టు మా వంతు కామమ్మకి" అన్నాడు.

"మీది నాకొద్దు ఓబయ్యన్నా. నాది నాకియ్యండి" అంది ఆమె.

దానికి ఒకటే దారి. రేపటి రోజుని చుట్టులోంచి పక్కకి తీసి ఆమెకివ్వడం, మిగతా అందరూ ఒక రోజు వెనక్కి జరగడం. ఎల్లుండి అమావాస్య. అది ఎవరికి పడాలో వాళ్ళకి తప్పిపోతుంది. ఆ ఎవరో పడవ చిన్నపోలయ్య కొడుకు వరసవాడు చిన్నబాబు. తాత అడగకముందే చెయ్యెత్తాడు. తర్వాత ఒక్కొక్కటే లేచాయి చేతులు. నేను లెక్కపెట్టాను. నలభై.

ఇంటికి నడుస్తుంటే కామమ్మత్త నా పక్కకొచ్చింది. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె తన తమ్ముడికి ఫోను చేసి వల తెమ్మంది.

"ఆ దేశం ఆమెకి మన అచ్చరాలు రావంటివే" అంది.

"రావత్తా."

"మరి నేను లేనని ఎట్ట కనిపెట్టింది?"

"వరసలు లెక్కపెట్టింది."

కోపం లేదు ఆమె గొంతులో. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మనోళ్ళకి అందరికీ వస్తాయి గదా మే అచ్చరాలు?"